ఎర్రటోపీ అధికారం ఎందాకా?

కంటోన్మెంటు ఉన్న ఊళ్లో పెరిగే పిల్లలకు ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు ఆపితే బతిమాలుకోవచ్చు, నాన్నకు ఫోన్ చేయవచ్చు, తెలిసిన ఎస్సై పేరు చెప్పుకోవచ్చు. మిలట్రీ గేటు దగ్గర ఆపితే మాత్రం ఇవేవీ పనిచేయవు. అక్కడ ఉన్న మనిషి మన ఊరివాడు కాదు, మన భాషవాడు కాదు, రెండు మూడేళ్లలో బదిలీ అయి వెళ్లిపోయేవాడు. అతని భుజాన తుపాకీ ఉంటుంది, అతని మాటకు పైన ఎవరున్నారో మనకు తెలియదు. తెలియనిచోట అధికారానికి హద్దు లేదనుకోవడం మనిషి స్వభావం. పదహారేళ్ల కుర్రవాడికైతే ఆ అనుమానం కూడా రాదు. ఏం చేయమంటే అది చేస్తాడు.

గేటు దగ్గర ఆపే హక్కు సైన్యానికి లేదని నేను అనడం లేదు. ఆపవచ్చు, పేరు అడగవచ్చు, లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపవచ్చు. కానీ ఆపిన మనిషి సైనికుడు కాని మైనరు అయినప్పుడు వాళ్లకు మిగిలే మార్గాలు రెండే: పంపేయడం, లేదా స్థానిక పోలీసులకు కబురు చేయడం. ఈ రెంటికీ నడుమ మన కంటోన్మెంట్లలో మూడో పద్ధతి ఒకటి పాతుకుపోయింది. గార్డ్ రూమ్ బయట కూర్చోబెట్టడం, గుంజీలు తీయించడం, ఫోన్ తీసుకుని చూడడం, క్షమాపణ పత్రం రాయించుకోవడం, చీకటి పడ్డాక "ఫో" అని వదిలేయడం. దీన్ని దయ అనుకుంటున్నారు, చేసేవాళ్లూ, చేయించుకున్న పిల్లల తల్లిదండ్రులూ. నా దృష్టిలో ఈ ఏర్పాటులో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం ఆ దయే.

ముందు, ఆపింది ఎవరో చూద్దాం. మనం గేటు దగ్గర కనిపించే యూనిఫాం అంతటినీ "మిలట్రీ పోలీసు" అనేస్తాం. నిజానికి ఎర్రటోపీ, తెల్ల బెల్టు, చేతికి "ఎంపీ" అనే పట్టీ ఉన్నవాళ్లే కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్‌కు చెందినవారు. వాళ్ల శిక్షణ కేంద్రం బెంగళూరులో ఉంది. "ఆర్‌పీ" అన్న పట్టీ ఉంటే అతను రెజిమెంటల్ పోలీసు, అంటే ఆ యూనిట్‌లోని జవానునే క్రమశిక్షణ పనికి నిలబెట్టారన్నమాట. డిపోలు, కార్యాలయాల దగ్గర డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లుంటారు. వాళ్లలో చాలామంది పదవీ విరమణ చేసి మళ్లీ చేరిన మాజీ సైనికులు. కుర్రవాడి కంటికి ఈ ముగ్గురూ ఒకటే. చట్టం కంటికి కూడా, ఆ కుర్రవాడికి సంబంధించినంతవరకూ, ముగ్గురూ దాదాపు ఒకటే: వీళ్లలో ఎవరూ అతనికి పోలీసు కారు.

1950 నాటి సైనిక చట్టం 107వ సెక్షన్ ప్రోవోస్ట్ మార్షల్ అనే సైనిక అధికారి పని ఏమిటో చెబుతుంది. మిలట్రీ పోలీసు వ్యవస్థకు అదే పునాది. నేరానికి నిర్బంధంలో ఉన్నవారిని తన అధీనంలో ఉంచుకోవడం, సైన్యంలో పనిచేసేవారిలోనూ దానికి జతచేసినవారిలోనూ క్రమశిక్షణ కాపాడడం, ఈ చట్టానికి లోబడిన వ్యక్తి నేరం చేస్తే అరెస్టు చేయడం. "ఈ చట్టానికి లోబడిన వ్యక్తి" ఎవరన్నది 2వ సెక్షన్ చెబుతుంది: అధికారులు, జవాన్లు, రిజర్వు దళాలవారు, సైన్యం యుద్ధవిధుల్లోనో శిబిరంలోనో సరిహద్దు ఠాణాలోనో ఉన్నప్పుడు దాని వెంట ఉండే ఉద్యోగులు, అనుచరులు. రోడ్డున పోయే ఇంటర్ విద్యార్థి ఇందులో ఎక్కడా లేడు. ఇంకో ముక్క కూడా ఆ 107వ సెక్షన్‌లోనే ఉంది, నాకు చాలా నచ్చిన ముక్క: ప్రోవోస్ట్ మార్షల్ తన సొంత అధికారంతో ఏ శిక్షా వేయకూడదు. అంటే తప్పతాగి పట్టుబడిన సిపాయి చేత సైతం, కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబెట్టకుండా, ఎర్రటోపీవాడు తనంతట తాను పది గుంజీలు తీయించడానికి లేదు. సిపాయికి ఉన్న ఆ రక్షణ సివిలియన్ పిల్లవాడికి లేదనుకోవడం ఎంత విచిత్రం!

జవాన్ల పిల్లల సంగతి మరో రకం. క్వార్టర్స్‌లో ఉండే హవల్దారు కొడుకు కూడా సైనిక చట్టానికి లోబడడు, తండ్రి లోబడతాడు. అందుకని పిల్లవాడు బండి వేగంగా నడిపితే కబురు తండ్రి యూనిట్‌కి వెళుతుంది. "క్రమశిక్షణకు భంగం కలిగించే పని" అని 63వ సెక్షన్‌లో అన్నిటినీ పట్టే ఒక వల ఉంది కనుక తండ్రి వణుకుతాడు, ఇంటికి వచ్చి కొడుకు మీద చేయి చేసుకుంటాడు. పిల్లవాడి మీద లేని అధికారం తండ్రి జీతం గుండా ప్రవహించి వాడి వీపు మీదికి చేరుతుంది.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా అక్కావాళ్లు బావ ఉద్యోగరీత్యా తెలుగు రాష్ట్రాల బయట ఒక కంటోన్మెంటు ఊళ్లో ఉంటారు. ఊరి పేరు అవసరం లేదు. అక్కడ ఒక గేటు పక్కన, రోడ్డు మీదికి కనబడేలా, దిమ్మె మీద పాత యుద్ధట్యాంకు ఒకటి పెట్టారు. మా అక్క కొడుకు, అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ట్యూషన్ నుంచి వస్తూ సైకిల్ ఆపి దాన్ని ఫోన్‌లో ఫొటో తీశాడు. చూడమని పెట్టినదాన్ని చూశాడు, అంతే. గేటులోంచి ఇద్దరు వచ్చి సైకిలుతో సహా వాణ్ని లోపలికి తీసుకెళ్లారు. నేను ఆ వారం అక్కావాళ్లింట్లో ఉన్నాను కనుక కబురు అందాక బావతో కలిసి నేనూ వెళ్లాను. మేం చేరేసరికి వాడు గార్డ్ రూమ్ మెట్టు మీద కూర్చుని ఒక తెల్లకాగితం మీద హిందీలో ఏదో రాస్తున్నాడు. పక్కన నిలబడ్డ ఒకాయన చెబుతుంటే వీడు రాస్తున్నాడు. ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివినవాడు కావడం వల్ల ఒత్తులు తప్పుతున్నాయి. ఆయన ఓపిగ్గా కలం తీసుకుని ఆ ఒత్తులు దిద్దుతున్నాడు. కోపం లేదు, తిట్లు లేవు. మాస్టారిలా ఉన్నాడు. "నేను నిషేధిత ప్రాంతంలో ఫొటోలు తీశాను, ఇది నా తప్పు, మళ్లీ చేయను" అని ఆ కాగితం సారాంశం. ఫోన్ అప్పటికే విప్పి చూశారు, ఫొటో తీసేశారు, దానితోపాటు వాడి స్నేహితుల ఫొటోలు ఎన్నో చూశారు. గుంజీల సంగతి వాడు ఇంటికి వచ్చాక గాని చెప్పలేదు.

వాళ్లు మాతో మర్యాదగానే మాట్లాడారు. "పిల్లవాడు కదా సాబ్, పోలీసుల దాకా ఎందుకు" అన్నారు. బావ దండం పెట్టి థాంక్స్ చెప్పారు.

అక్కడ జరిగినదాన్ని చట్టం ఏమంటుందో ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఆ థాంక్స్ ఎంత అనవసరమో తెలుస్తుంది. పోలీసు కానివాడు మరొకరిని ఎప్పుడు అరెస్టు చేయవచ్చో, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో ఉంది: తన కళ్లెదుట బెయిలు లేని, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం జరిగితే, లేదా ఆ మనిషి ప్రకటిత నేరస్థుడైతే. అలా పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎంత చేసినా ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. ఈ ఆరు గంటల గడువు 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంతోపాటు వచ్చింది. ఇక అక్రమ ప్రవేశం చూస్తే, గోడ దూకి లోపలికి వెళ్లినా సరే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అది మూడు నెలల శిక్షకు మించని, బెయిలు దొరికే నేరం. అంటే ఆ నేరానికి ప్రైవేటు వ్యక్తికి అరెస్టు అధికారం లేదు. బయటికి నడిపించవచ్చు, పోలీసులను పిలవవచ్చు. మావాడు గోడ కూడా దూకలేదు, రోడ్డు మీద ఉన్నాడు.

"కానీ అది రక్షణ ప్రాంతం, అధికార రహస్యాల చట్టం ఉంది కదా" అంటారు. ఉంది. 1923 నాటి ఆ చట్టంలో నిషేధిత స్థలానికి నిర్వచనం ఉంది. దాని పరిసరాల్లో కాపలా కాసే పోలీసునుగాని సైనికుణ్నిగాని అడ్డుకోవడం, తప్పుదారి పట్టించడం నేరమని 7వ సెక్షన్ చెబుతుంది. సెంట్రీకి చట్టం ఇచ్చిన స్థానం ఇది, దీన్ని నేను తక్కువ చేయను. అయితే ఫొటోలను, పటాలను శిక్షించే 3వ సెక్షన్ దేశ భద్రతకో ప్రయోజనాలకో హాని చేసే ఉద్దేశాన్ని అడుగుతుంది. ప్రభుత్వ ఉత్తర్వు మీద ఫిర్యాదు వస్తే తప్ప కోర్టు ఆ కేసు చేపట్టకూడదని 13వ సెక్షన్ అంటుంది. అంత గట్టి తాళాలు వేసిన చట్టాన్ని చూపించి గార్డ్ రూమ్ మెట్ల మీద తీర్పు చెప్పడం కుదరదు. నిజంగా గూఢచర్యమని అనుమానం ఉంటే గుంజీలతో వదిలేయడం విధి తప్పడం. అనుమానం లేకపోతే నిర్బంధించడం నేరం. మూడో పద్ధతి ఈ రెండిట్లో ఏదో ఒకటి కాక తప్పదు.

క్షమాపణ పత్రం విషయం ఇంకా చిత్రమైనది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం నిందితుడికి వ్యతిరేకంగా కోర్టులో చెల్లదని మన సాక్ష్య చట్టం మొదటినుంచీ చెబుతోంది, కొత్త సాక్ష్య అధినియంలోనూ ఆ నియమం అలాగే ఉంది. పోలీసుల చేతిలో ఒప్పుకోళ్లు ఎలా పుడతాయో బ్రిటిష్ పాలకులకు కూడా తెలుసు కాబట్టి పెట్టిన నియమమది. కానీ మిలట్రీ పోలీసు పోలీసు కాదు కదా! కాబట్టి అతనికి రాసిచ్చిన కాగితానికి ఆ అడ్డుకట్ట నేరుగా వర్తించదు. బెదిరించి, ఆశపెట్టి రాయించారని వేరే సెక్షన్ కింద వాదించుకోవాలి, ఆ భారం పిల్లవాడిది. దయతో ఒత్తులు దిద్ది రాయించుకున్న ఆ పత్రం, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే వాంగ్మూలం కంటే వాడికి ఎక్కువ చేటు చేయగలదు. అది ఇప్పుడు ఏ ఫైల్లో ఉందో, ఎన్నాళ్లు ఉంటుందో మాకు తెలియదు.

సైన్యం వైపు నుంచి ఆలోచించకుండా ఇది రాస్తే అన్యాయమవుతుంది. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంలోకి, అదే ఏడాది సెప్టెంబరులో ఉరీ శిబిరంలోకి, 2018 ఫిబ్రవరిలో జమ్మూ దగ్గరి సుంజువాన్ శిబిరంలోకి సాయుధులు చొరబడి జవాన్లను చంపారు. సుంజువాన్‌లో కుటుంబాలు ఉండే క్వార్టర్స్‌నూ వదల్లేదు. గేటు దగ్గర నిలబడ్డవాడికి ఎదుట ఉన్నది ట్యూషన్ నుంచి వస్తున్న కుర్రవాడా, దాడికి ముందు చోటు చూసి రమ్మని పంపిన కుర్రవాడా అన్నది ముఖం చూసి తెలియదు. అందుకే ఆపమనే అంటాను. ఆపాక, అది తేల్చడానికి కావలసిన సాధనాలు, అంటే చిరునామా విచారణ, పాత కేసుల వివరాలు, కోర్టు అనుమతి, ఇవన్నీ ఉన్నది స్టేషన్ హౌస్ ఆఫీసర్ దగ్గర. గార్డ్ రూమ్‌లో ఉన్నది ఒక రిజిస్టరు, ఒక బెంచీ.

సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం అమల్లో ఉన్న కల్లోలిత ప్రాంతాల్లో సైతం, వారెంటు లేకుండా పట్టుకునే అధికారం సైనికుడికి ఇచ్చిన చోట సైతం, పట్టుకున్న మనిషిని వీలైనంత త్వరగా, ఏ పరిస్థితుల్లో పట్టుకున్నారో చెప్పే నివేదికతో సహా, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు అప్పగించాలని ఆ చట్టం 5వ సెక్షన్ ఆదేశిస్తుంది. మణిపూర్‌లో చేయవలసిన పని ప్రశాంతంగా ఉన్న ఊళ్లో చేయనక్కర్లేదని ఎవరైనా ఎలా అంటారు?

ఇక్కడ తల్లిదండ్రుల భయం అడ్డొస్తుంది: "స్టేషన్‌కి వెళితే కేసు అవుతుంది, పిల్లవాడి భవిష్యత్తు పోతుంది." ఆ భయం అబద్ధమని అనలేను, మన స్టేషన్లు మనకు తెలియనివి కావు. కానీ కాగితం మీద ఉన్న చట్టం ఈ భయానికి పూర్తిగా వేరే దారి వేసి పెట్టింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, పోలీసులు పట్టుకుంటే బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, తల్లిదండ్రులకు తెలపాలి, ఇరవైనాలుగు గంటల్లో బాలల న్యాయ మండలి ముందుకు తేవాలి. 2016 నమూనా నియమాలైతే, ఘోరమైన నేరాల్లోనూ పెద్దలతో కలిసి చేసిన నేరాల్లోనూ తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ రాయవద్దు, జనరల్ డైరీలో నమోదు చేసి సామాజిక నేపథ్య నివేదిక తయారు చేయండి అంటాయి. ఫొటో తీసిన కుర్రవాడికి గరిష్ఠంగా జరగవలసింది ఒక డైరీ నమోదు, తండ్రికి ఒక ఫోన్. ఏ సమయానికి ఆపారో, ఏ సమయానికి వదిలారో అందులో ఉంటుంది. ఆ నమోదు పిల్లవాడికి ఎంత రక్షణో, రేపు ఎవరైనా "కొట్టారు" అంటే నిజంగా కొట్టని జవానుకూ అంతే రక్షణ.

నమోదు లేని చోట ఏం జరిగినా తేల్చడం కష్టం. గాయపరచడం, అక్రమంగా నిర్బంధించడం లాంటి నేరం సైనికుడే చేశాడనుకుందాం. విచారణ క్రిమినల్ కోర్టులోనా, కోర్టు మార్షల్ అనే సైనిక న్యాయస్థానంలోనా అన్నది ముందుగా ఎంచుకునే వీలు సైనిక చట్టం 125వ సెక్షన్ సైనికాధికారికే ఇచ్చింది. మేజిస్ట్రేటు అభ్యంతరం చెబితే 126వ సెక్షన్ కింద విషయం కేంద్ర ప్రభుత్వం దాకా పోతుంది. సివిలియన్‌ను చంపినా, అత్యాచారం చేసినా మాత్రం 70వ సెక్షన్ ఆ ఎంపికను తీసేస్తుంది: యుద్ధవిధులు, విదేశం, సరిహద్దు ఠాణా అన్న మినహాయింపులు తప్ప అది మామూలు కోర్టుదే. అంటే పిల్లవాడు చచ్చిపోతే అధికార పరిధి స్పష్టం. మోకాళ్ల మీద నిలబెట్టి చెంపదెబ్బ కొడితే అస్పష్టం. ఆ కేసు సైన్యం లోపలికి వెళ్లిపోయాక దాని ఫలితం ఆ కుటుంబానికి చేరే దారి సన్నం.

చచ్చిపోయిన పిల్లవాడి ఉదాహరణ ఊహ కాదు. 2011 జూలైలో చెన్నైలో, కోట దగ్గరి సైనిక క్వార్టర్స్ ప్రాంగణంలోకి బాదంకాయల కోసం వెళ్లిన పదమూడేళ్ల పిల్లవాడు తుపాకీ గుండుకు చనిపోయాడు. కాల్చింది అప్పటికే పదవీ విరమణ చేసిన లెఫ్టినెంట్ కల్నల్ అని తేలింది. 2012లో చెన్నై కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. చాలా రక్షణ ప్రాంతాల గోడల మీద "అతిక్రమించినవారు కాల్చివేయబడతారు" అని ఇప్పటికీ రాసి ఉంటుంది. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కు దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టడం, నిప్పు పెట్టడం లాంటి కొన్ని సందర్భాలకే చట్టం పరిమితం చేసింది; ఉత్త అక్రమ ప్రవేశానికి ఇవ్వలేదు. ఆ బోర్డు రాయించినవాళ్లకు అది బెదిరింపు మాత్రమేనని తెలిసి ఉండవచ్చు. దాన్ని రోజూ చదివే కాపలావాడికి, గోడ అవతల ఆడుకునే పిల్లలకు తెలుసా?

సికింద్రాబాద్‌వాళ్లకు ఈ హద్దుల గొడవ కొత్త కాదు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఆ దండు ప్రాంతంలో ఒకప్పుడు నిజాం పోలీసుకు అధికారమే లేదు. ఇవాళ తిరుమలగిరి, కార్ఖానా, బోయిన్‌పల్లి, బొల్లారం స్టేషన్లు అన్నీ రాష్ట్ర పోలీసులవే, కంటోన్మెంటు లోపల నేరం జరిగితే దర్యాప్తు వాళ్లదే. అయినా ఏఓసీ (సైన్యపు ఆర్డ్‌నెన్స్ కోర్) ప్రాంతం మీదుగా మల్కాజిగిరి, సఫిల్‌గూడ వైపు వెళ్లే రోడ్ల దగ్గర గేటు వేసేది, తెరిచేది స్థానిక సైనిక అధికారులు. భద్రతా కారణం ఉంటే తప్ప వీధి మూయరాదని, అలా మూసేముందు బహిరంగ ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు వినాలని 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ చెబుతుంది. 2018లో రక్షణ శాఖే దేశమంతటా మూసిన రోడ్లు తెరవమంది. ఆ తర్వాత కూడా తగాదా నడుస్తూనే వచ్చింది. ఎక్కడ వీధి ముగిసి ఎక్కడ సైనిక స్థలం మొదలవుతుందో పెద్దలకే తేలనిచోట, కాలేజీకి ఆలస్యమై దగ్గరదారి పట్టిన కుర్రవాడు "తెలిసి" అతిక్రమించాడని ఎలా అనగలం?

ఇదే వయసు కుర్రవాడు గేటుకు లోపలివైపు నిలబడితే మరో చిక్కు. అగ్నివీర్‌గా పదిహేడున్నరేళ్లకే చేరవచ్చు. చేరిన మరుక్షణం సైనిక చట్టం అతనికి వర్తిస్తుంది. పద్దెనిమిది నిండలేదు కనుక బాలల న్యాయ చట్టమూ వర్తిస్తుంది. ఇతర చట్టాల్లో ఏమున్నా పిల్లల విషయంలో తానే నడుస్తానని ఆ చట్టం తన మొదటి సెక్షన్‌లోనే ప్రకటించుకుంది. యూనిఫాం వేసుకున్న పిల్లవాడికే సైనిక క్రమశిక్షణ మీద ఇంత పెద్ద ప్రశ్న లేస్తుంటే, యూనిఫాం లేని పిల్లవాడి మీద ఎర్రటోపీకి ఉన్న అధికారం ఎంతో లెక్క వేసుకోవచ్చు.

బావ ఈ విషయం మీద ఫిర్యాదు చేయనన్నారు. "వదిలెయ్, మళ్లీ అదే రోడ్డున వాడు పోవాలి" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది, ఆ రోడ్డున పోవలసింది నేను కాదు. కాబట్టి ఫిర్యాదు కాకుండా సమాచార హక్కు దరఖాస్తు నా పేరుతో పెడుతున్నాను. ఆ చట్టం పూర్తిగా మినహాయించిన సంస్థల జాబితాలో భారత సైన్యం లేదు. భద్రత పేరుతో 8వ సెక్షన్ చూపించి జవాబు నిరాకరించవచ్చు, అప్పుడు అప్పీలుకు వెళ్లవచ్చు. ఎన్ని తుపాకులున్నాయని గాని, సెంట్రీలు ఏ వేళకు మారతారని గాని నేను అడగడం లేదు. అడిగేవి రెండు ప్రశ్నలు: గేటు దగ్గర ఆపిన పద్దెనిమిదేళ్లలోపు సివిలియన్లను ఎంతసేపు, ఏ రాతపూర్వక ఆదేశం ప్రకారం ఉంచుతున్నారు; గత మూడేళ్లలో అలా ఆపినవారిలో ఎందరి గురించి స్థానిక పోలీస్ స్టేషన్‌కు తెలియజేశారు.